పరిశుద్ధపరచబడుట: పాళెము వెలుపలి నుండి ఒక పరిశీలన

రక్షణ సిద్ధాంతములో నీతిమంతులుగా తీర్చబడుటకును మహిమపరచబడుటకును మధ్య నిలిచిన అంశము పరిశుద్ధపరచబడుట. ప్రసంగ వేదికల మీద ఇంత తరచుగా వినబడుతూ ఇంత తక్కువగా వివరించబడే అంశము మరొకటి లేదని మా అభిప్రాయము. పరిశుద్ధముగా జీవించండి అని హెచ్చరించుట సులభము. పరిశుద్ధత అనగా ఏమిటి, దానిని చేయువాడు ఎవరు, అది ఎక్కడ మొదలవుతుంది అని విప్పి చెప్పుట కష్టము. ఈ వ్యాసములో మేము ఆ ప్రశ్నలన్నిటినీ ఎత్తుకొనుట లేదు. ఒక్క విషయమునే పరిశీలిస్తున్నాము. తెలుగు విశ్వాసి 'పరిశుద్ధత' అను మాట విన్నప్పుడు అతని మనస్సులో మెదిలేది లేఖనముల అర్థమా, లేక మన ఊళ్ళలో మడి, మైల అను మాటలు తరతరములుగా మోసుకొని వచ్చిన అర్థమా?

ఇది నిఘంటువుల తగవు కాదు. ప్రభువు బల్ల యొద్దకు ఎవరు వస్తారు, ఎవరు వెనుక వరుసలోనే తల దించుకొని కూర్చుంటారు అనునది ఈ ప్రశ్నకు మనమిచ్చే జవాబును బట్టి ఉన్నది.

రెండు జంటలు, ఒకే మాట

లేవీయకాండము 10:10లో యాజకులకు అప్పగించబడిన బాధ్యతను గమనించండి. వారు రెండు రకముల భేదములను ఎరిగి ఉండాలి. దేవునికి ప్రత్యేకించబడినది ఏది, సాధారణ వాడుకలోనిది ఏది అనునది మొదటి భేదము. శుద్ధమైనది ఏది, అశుద్ధమైనది ఏది అనునది రెండవది. హెబ్రీ భాషలో మొదటి జంటకు 'ఖోదెష్', 'హోల్' అను మాటలు, రెండవ జంటకు 'తాహోర్', 'తామే' అను మాటలు ఉన్నవి. అనగా పరిశుద్ధతకు ఎదురుగా నిలిచేది మురికి కాదు, సాధారణత్వము. మురికికి ఎదురుగా నిలిచేది శుద్ధి. ఈ రెండింటికీ సంబంధము ఉన్నది గాని రెండూ ఒకటి కావు. బూడిదతో తోమి, నీళ్ళతో కడిగిన చెంబు శుద్ధమే. అంత మాత్రము చేత అది మందిరపు పాత్ర కాదు. దేవుని సేవకు ఇయ్యబడినప్పుడే అది పరిశుద్ధమవుతుంది.

లేఖనములలో 'పరిశుద్ధపరచుట' అను క్రియ మొట్టమొదట కనబడేది ఆదికాండము 2:3లో. అక్కడ పరిశుద్ధపరచబడినది మనిషి కాదు, వస్తువు కాదు, ఒక దినము. దినమునకు మురికి ఏమి ఉంటుంది? దానిని కడుగుట ఎట్లు? ఏడవ దినమును దేవుడు తనదిగా చేసికొన్నాడు, అంతే. నిర్గమకాండము 3:5లో మోషే చెప్పులు విడిచిన నేల గొఱ్ఱెలు మేసే అడవి నేలయే. దేవుడు అక్కడ ఉన్నాడు గనుక అది పరిశుద్ధ స్థలమయింది. నిర్గమకాండము 13:2లో ప్రతి మొదటి సంతానమును దేవుడు తన కొరకు ప్రత్యేకించమన్నాడు. ఆ పసిబిడ్డ చేసిన సత్క్రియ ఏదీ లేదు. 'ఖదష్' అను ధాతువు మూలార్థమును గూర్చి పండితులలో వాదములున్నవి, వేరుచేయుట అని కొందరు, మరొక విధముగా మరికొందరు. అయితే వాడుకను చూచినప్పుడు విషయము స్పష్టముగానే ఉన్నది. పరిశుద్ధమైనది అనగా దేవునిది.

ఇప్పుడు మన భాష వైపు చూద్దాము. 'పరి' అనగా అంతట, సంపూర్ణముగా. 'శుద్ధ' అనగా మాలిన్యము లేనిది. 'పరిశుద్ధ' అను మాట పుట్టుకతోనే రెండవ జంటకు చెందినది. తెలుగు క్రొత్త నిబంధన అచ్చయి 1818 నాటికే చదువరుల చేతికి వచ్చింది. ఆ అనువాదకులను తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. పవిత్రము, పావనము, శుచి అని వారి ముందున్న మాటలన్నీ శుభ్రత చుట్టూ తిరిగేవే. వారు మరొక మాటను కూడా వాడారు, 'ప్రతిష్ఠ'. యోహాను 17:17, 19 వచనములలో మన బైబిలు వాడినది ఈ మాటనే. గ్రీకులో అక్కడ ఉన్నది 'హగియాజో' అను క్రియ. హెబ్రీ 10:10లోను, 1 కొరింథీ 7:14లోను ఉన్నది అదే క్రియ, కాని అక్కడ తెలుగులో 'పరిశుద్ధపరచు' అని వచ్చింది. ఒకే గ్రీకు మాట తెలుగులో రెండు దారులుగా చీలిపోయినందున, మూలభాష తెలియని చదువరి ఈ వచనములను ఒకదానితో ఒకటి కలిపి చూడలేడు.

'ప్రతిష్ఠ' అను మాటకు దాని బరువు దానికున్నది. తెలుగువాని చెవికి ముందుగా తోచేది గుడిలో విగ్రహ ప్రతిష్ఠ. అయినను మన పనికి ఆ మాటయే దగ్గర అని మేము తలుస్తున్నాము. యోహాను 17:19లో యేసు ప్రభువు తన్ను తాను ప్రతిష్ఠ చేసికొంటున్నానని చెప్పాడు. పరిశుద్ధపరచుట అనగా పాపపు మురికిని కడుగుట మాత్రమే అయితే, పాపమెరుగని ప్రభువుకు దానితో పని ఏమి? ప్రభువు ప్రార్థనలోని మొదటి మనవిలో ఉన్నది కూడా అదే క్రియ. దేవుని నామమును మనము శుభ్రము చేయగలమా?

వ్యాకరణమును గూర్చి కూడా ఒక మాట. 'పరిశుద్ధపరచబడుట' అనునది కర్మణి ప్రయోగము. చేసేది మరొకరు, పొందేది మనము. అయితే మాట్లాడే తెలుగులో 'బడు' దాదాపు లేదు. 'చెట్టు నరకబడింది' అని ఎవరూ అనరు, 'చెట్టును నరికారు' అంటారు. అందువలన బైబిలులోని 'పరిశుద్ధపరచబడితిరి' అను మాట ప్రసంగములోనికి వచ్చేసరికి 'పరిశుద్ధముగా ఉండండి' అని మారిపోతుంది. దేవుడు చేసిన పని మనిషి చేయవలసిన పనిగా మారుతుంది. ఒక చిన్న ప్రత్యయము జారిపోయినందున సువార్త ఆజ్ఞగా మారుట మేము ఎన్నో కూటములలో విన్నాము. బోధకులు 'దేవుడు మిమ్మును తన కొరకు ప్రత్యేకించుకొన్నాడు' అని కర్తను ముందు పెట్టి చెప్పినయెడల వినేవారికి అర్థమవుతుంది.

అంటుకొనేది ఏది?

మైల అంటుకొంటుంది. మడి అంటుకొనదు. ఇది మన సమాజములో ఎవరూ నేర్పకుండానే అందరూ నేర్చుకొన్న సూత్రము. చావు ఇంటికి వెళ్ళి వచ్చినవాడు స్నానము చేసినవానిని ముట్టితే స్నానము చేసినవానికే మైల. శుచిగా ఉన్నవాడు ముట్టినంత మాత్రాన మైల పడినవాడు శుచి కాడు. బలహీనమైనది ఎప్పుడూ మడియే. అందుకే దానికి దూరము కావాలి, గోడ కావాలి, వేరు బావి కావాలి. 'ముట్టు' అను తెలుగు మాట తాకుటకును, స్త్రీల నెలసరికిని ఒకటే కావడము కూడా ఆలోచించదగినది.

ఈ సూత్రము బైబిలుకు తెలియనిది కాదు. హగ్గయి 2:12, 13 వచనములలో ప్రవక్త యాజకులను రెండు ప్రశ్నలు అడుగుతాడు. ప్రతిష్ఠిత మాంసమును వస్త్రపు చెంగులో మోసికొని వెళ్ళేవాని చెంగు రొట్టెకో నూనెకో తగిలితే ఆ వస్తువు ప్రతిష్ఠితమవుతుందా? కాదని యాజకుల జవాబు. శవమును ముట్టినవాడు వాటిని తాకితే అవి అపవిత్రమవుతాయా? అవుతాయని జవాబు. సంఖ్యాకాండము 5:2లో పాళెము వెలుపలికి పంపవలసినవారు మూడు తరగతులుగా చెప్పబడినారు: కుష్ఠరోగులు, స్రావముగలవారు, శవమును ముట్టి అపవిత్రులైనవారు. అపవిత్రతకు ఉన్న వేగము పరిశుద్ధతకు లేదు గనుక దూరమే రక్షణ.

ఇప్పుడు మార్కు సువార్తను ఈ పట్టిక పక్కన పెట్టి చదవండి. 1వ అధ్యాయములో యేసు కుష్ఠరోగిని చెయ్యి చాపి ముట్టాడు. మాటతో బాగు చేయగలిగినవాడు ముట్టనవసరము లేదు, అయినా ముట్టాడు. 5వ అధ్యాయములో పన్నెండేండ్ల రక్తస్రావముగల స్త్రీ ఆయన వస్త్రమును ముట్టింది. అదే అధ్యాయములో చనిపోయిన చిన్నదాని చెయ్యి పట్టుకొన్నాడు. కుష్ఠము, స్రావము, శవము. సంఖ్యాకాండము వెలుపల పెట్టిన ముగ్గురినీ సువార్తికుడు మన ముందుకు తెచ్చాడు. మూడు చోట్లా జరిగినది ఒక్కటే. అపవిత్రత ఆయనకు అంటలేదు, ఆయన పవిత్రత వారికి అంటింది. హగ్గయి కాలపు యాజకులు ఇచ్చిన జవాబు ఇక్కడ తలక్రిందులయింది.

పాత నిబంధనలో దీనికి ముంగురుతు లేకపోలేదు. నిర్గమకాండము 29:37 ప్రకారము బలిపీఠమునకు తగిలినది ప్రతిష్ఠితమవుతుంది. యెషయా 6వ అధ్యాయములో అపవిత్రమైన పెదవులకు తగిలినది బలిపీఠపు నిప్పే. క్రీస్తు మనకు ఆ బలిపీఠము వంటివాడు. సంఘము ఆయన శరీరమయితే, సంఘము కూడా ముట్టి పరిశుద్ధపరచేదిగా ఉండవలసినది గాని, ముట్టితే మైలపడుదుమేమో అని వెనుకకు జరిగేదిగా ఉండరాదు.

ఇంత చెప్పుటకు కారణమున్నది. మేమెరిగిన ఒక వృద్ధుడు ఒక ఆసుపత్రిలో శవముల గదిలో ఎన్నో ఏండ్లు పనిచేశాడు. ఆదివారము తప్పక ఆరాధనకు వచ్చేవాడు. బల్ల ఇచ్చే ఆదివారము మాత్రము చివర కూర్చొని, రొట్టె పళ్ళెము రాకముందే బయటికి వెళ్ళేవాడు. అతనిని ఎవరూ వద్దనలేదు. 'నా చేతులు అటువంటివి అయ్యగారూ' అన్నాడు ఒకసారి. బాప్తిస్మము పొంది ముప్పై ఏండ్లయినా ఆ చేతులను గూర్చి సువార్త అతనికి ఏమీ చెప్పలేదు, లేక మనము చెప్పలేదు. మా ప్రాంతపు సంఘములలో నెలసరి దినములలో బల్లకు దూరముగా ఉండే సహోదరీలు ఇప్పటికీ ఉన్నారు. ఇది మాకు తెలిసిన ఏ సంఘ నియమావళిలోనూ వ్రాయబడలేదు. అత్తగారు కోడలికి, తల్లి కూతురికి చెప్పినది. కాపరులు ఈ విషయము మాట్లాడుటకు సిగ్గుపడతారు. మార్కు సిగ్గుపడలేదు. ఆ స్త్రీ రహస్యముగా వచ్చి రహస్యముగా వెళ్ళిపోవాలనుకొన్నది. యేసు ఆమెను జనము మధ్య నిలిపి కుమారీ అని పిలిచాడు.

పాళెము వెలుపల

ఈ అంశమునకు గుండెకాయ వంటి భాగము హెబ్రీ 13:10-13 అని మా విశ్వాసము. ప్రసంగములలో అది తరచుగా 'నిందను భరించండి' అను హెచ్చరికగా మాత్రమే వస్తుంది. ఆ వచనములలోని వాదము లేవీయకాండము 16వ అధ్యాయము మీద నిలిచి ఉన్నది. ప్రాయశ్చిత్త దినమున కోడె, మేక అను రెండు పశువుల రక్తము అతి పరిశుద్ధ స్థలములోనికి వెళ్తుంది. వాటి కళేబరములు మాత్రము పాళెము వెలుపలికి మోయబడి చర్మముతో, మాంసముతో, పేడతో సహా కాల్చబడతాయి (16:27). రక్తము లోపలికి, కళేబరము బయటికి. హెబ్రీ పత్రిక రచయిత యేసును ఎక్కడ చూపిస్తున్నాడు? మనమయితే ఆయనను రక్తముతో పాటు లోపల మాత్రమే చూపుదుము. రచయిత ఆయనను కళేబరముతో పాటు బయట కూడా నిలిపాడు. తన ప్రజలను పరిశుద్ధపరచుటకు ఆయన శ్రమపడినది పట్టణపు గవిని వెలుపల అని 12వ వచనము చెబుతున్నది. పరిశుద్ధపరచబడుట జరిగిన స్థలము కళేబరములు పడవేసే చోటు.

తెలుగుదేశములో ఈ మాటలు చదువుతున్నప్పుడు మన కన్నులకు ఏమి కనబడాలి? ఊరి వెలుపల వాడ. చచ్చిన పశువును ఊరిలో నుండి ఈడ్చి తీసికొనిపోవలసిన వెట్టి ఆ వాడవారిది. తోలు తీయుట, చెప్పులు, మోట తిత్తులు కుట్టుట, జాతరలో డప్పు కొట్టుట వారిది. లేవీయకాండము 16:28లో ఒక చిన్న వివరమున్నది. కళేబరములను కాల్చినవాడు బట్టలు ఉతుక్కొని, స్నానము చేసి, తిరిగి పాళెములోనికి రావచ్చును. ఇశ్రాయేలులో ఆ మనిషి ఆ దినముననే లోపలికి వచ్చేవాడు. మన ఊరిలో కళేబరమును మోసినవాడు ఎన్ని స్నానములు చేసినా లోపలికి రాలేదు. అతని కొడుకూ రాలేదు, మనుమడూ రాలేదు. పనికి అంటిన మైలను పుట్టుకకు అంటగట్టినది మోషే ధర్మశాస్త్రము కాదు.

అటువంటి వాడలకు క్రీస్తు వచ్చాడు. తెలుగు సంఘ చరిత్రలో దాని ముఖ్య ఘట్టము ఒంగోలు.

ఒంగోలు మూడు నియమములు

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ సంఘము ఏర్పడింది. తోళ్ళ వ్యాపారము చేసికొనే మాదిగ కులస్థుడు యెర్రగుంట్ల పేరయ్య అంతకు ముందు రాజయోగ సాధనలో ఉన్నవాడు. ఆయన ద్వారా ఊరూరా ఆయన బంధువర్గములో సువార్త వ్యాపించింది. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో ఒక భాగము తవ్వే పనిని గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించాడు. కరువు గంజి కొరకు ఎవరూ క్రైస్తవులు కారాదని ఆ కాలములో బాప్తిస్మములు ఆపివేశాడు. తిరిగి ప్రారంభించిన తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంవత్సరాంతమునకు ఆ లెక్క తొమ్మిది వేలు దాటింది.

సంఖ్యలను అందరూ చెబుతారు. మాకు ముఖ్యమైనది వేరు. చదువురాని ఆ వేలమందికి క్రైస్తవ జీవితపు గురుతుగా క్లౌ ముందుంచిన నియమములు మూడు: ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. ఆయన మరణానంతరము 1914లో వెలువడిన ఆయన గ్రంథములో ఈ సంగతి వివరముగా ఉన్నది.

ఈ మూడింటిని ఎట్లు అర్థము చేసికోవాలి? ఇవి పైపై ఆచారములనీ, హృదయ మార్పును విడిచి తిండిని, పనిని పట్టుకొన్నారనీ అనేవారున్నారు. చచ్చిన మాంసమును మానుట అనగా పై కులములవారి అసహ్యమునే వాడవారికి నేర్పుట గదా అని అడిగేవారూ ఉన్నారు. ఈ రెండవ ప్రశ్న తేలికగా తీసివేయదగినది కాదు. ఆకలితో ఉన్నవాని పళ్ళెములోని ముద్దను చూచి ముఖము చిట్లించేవాడు సువార్తికుడు కాలేడు. అయితే ఆ నియమముల ఫలితము ఏమయిందో చరిత్ర చెబుతున్నది. ఆదివారము పనికి రామన్నవారి మీద రెడ్లు, కరణములు కోపగించారు. జాతరలో డప్పు కొట్టమన్నందుకు వారిని హింసించారు. పరిశుద్ధత శుభ్రత మాత్రమే అయితే ఊరి పెద్దలకు కోపము రావలసిన పని లేదు. వాడ శుభ్రముగా ఉంటే వారికేమి నష్టము? వారికి కోపము వచ్చినది ఈ మనుష్యులు ఎవరివారు అను విషయములో. వారములో ఏడు దినములూ ఊరివైన చేతులలో నుండి ఒక దినమును దేవుడు తనదిగా అడిగాడు. ఆదికాండము 2:3లో పరిశుద్ధపరచబడిన ఆ దినమే వీరికి మొదటి గురుతు అయింది. కళేబరము వెట్టితోను, విగ్రహము ముందు డప్పు వెట్టితోను ముడిపడి ఉన్నవి. కనుక ఆ నియమములు మడి నియమములు కావు, యజమాని మారినందుకు గురుతులు.

అయితే గురుతు రెండు మూడు తరములలో కొలబద్ద అవుతుంది. తాతకు విడుదలగా వచ్చినది మనుమని చేతిలో పక్కవానిని కొలిచే కర్ర అవుతుంది. 1879లో హనుమకొండలో అదే మిషను కేంద్రము మొదలయిన తరువాత మా వరంగల్ ప్రాంతమునకు కూడా ఈ వారసత్వము వచ్చింది. మంచీ వచ్చింది, కొలబద్దా వచ్చింది. నేడు మా మట్టెవాడ చుట్టుపక్కల సంఘములలో పరిశుద్ధతను గూర్చి అడిగితే వచ్చే జవాబులు: నగలు పెట్టుకోరు, బొట్టు తీసివేశారు, తెల్లబట్టలు కట్టుకుంటారు, సినిమా చూడరు. వీటిని మనస్సాక్షితో పాటించేవారిని మేము తక్కువ చేయుట లేదు. అయితే ఊరి యజమానికి కోపము తెప్పించేది ఇందులో ఏదీ లేదని మాత్రము గమనించాలి.

అదే కాలపు మరొక సాక్ష్యము మాకు దగ్గరలోనే ఉన్నది. వేదనాయగం సామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషపుగా అభిషేకింపబడి డోర్నకల్ అధ్యక్ష మండలమునకు వచ్చాడు. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషపు ఆయనే. డోర్నకల్ అప్పటి వరంగల్ ప్రాంతములోనిది, 2016 నుండి మహబూబాబాద్ జిల్లాలో ఉన్నది. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు దయ్యములతో ఆయన పోరాడాడు. ఈ పట్టికలో 'అప్పు' ఉండుట మాకు ఎంతో నచ్చింది. మడి, మైల పట్టికలో అప్పు ఎన్నటికీ ఉండదు. మనిషిని దేవుని చేతిలో నుండి లాగి మరొక యజమాని చేతిలో పెట్టేది ఏదయినా పరిశుద్ధతకు విరోధమే అని గ్రహించినవాడే ఆ పట్టిక వ్రాయగలడు.

వరమా, ప్రయాసమా?

ఇక సిద్ధాంత చర్చను క్లుప్తముగా చూద్దాము. లూథర్ విశ్వాసిని ఒకే సమయములో నీతిమంతునిగాను పాపిగాను చూచాడు. 1842 నుండి గుంటూరు ప్రాంతములో లూథరన్ సంఘము నేర్పినది ఈ బోధనే. జాన్ వెస్లీ 1766లో తన ప్రసిద్ధ గ్రంథములో ఈ జీవితములోనే సంపూర్ణమైన ప్రేమను పొందగలమని వాదించాడు. మెదకు ప్రాంతపు మెథడిస్టు సంఘములు ఆ వారసులు. 1875లో ఇంగ్లండులోని కెస్విక్‌లో మొదలయిన కూటములు అప్పగించుకొనుట, విజయ జీవితము అను మాటలను ప్రపంచమంతటా వ్యాపింపజేసినవి. పెంతెకొస్తు సంఘములలో కొన్ని దీనిని రక్షణానంతరము కలిగే ప్రత్యేక అనుభవముగా బోధిస్తాయి. ఈ నాలుగు ధోరణులూ ఒకే వీధిలో నాలుగు మైకులలో వినబడే ఊళ్ళు మనకున్నవి. విశ్వాసి అయోమయములో పడుట వింత కాదు.

హెబ్రీ 10వ అధ్యాయము ఇక్కడ సహాయపడుతుంది. 10వ వచనములోని గ్రీకు రూపము పూర్తయి నిలిచియున్న స్థితిని చూపుతుంది: క్రీస్తు శరీరార్పణ వలన మనము పరిశుద్ధపరచబడి ఉన్నాము. 14వ వచనములోని 'హగియాజోమెనూస్' వర్తమాన రూపము: పరిశుద్ధపరచబడుతున్నవారు. ఆ వర్తమాన రూపము కాలమును సూచించదని, కేవలము వారెవరో గుర్తించే మాట అని కొందరు వ్యాఖ్యాతలు అంటారు. ఆ అభ్యంతరమును ఒప్పుకొన్నను రోమీ 6:19-22 వంటి భాగములలో ఎదుగుదల స్పష్టముగానే ఉన్నది. వరుస మాత్రము మారదు. మనము దేవునివారము గనుక దేవునివారివలె నడుస్తాము. నడిచి నడిచి దేవునివారము అగుట లేదు. కొరింథు సంఘములో కక్షలు, వ్యాజ్యెములు, బల్ల యొద్ద అవమానములు ఉండగానే పౌలు వారిని మొదటి వాక్యములలోనే పరిశుద్ధపరచబడినవారని పిలిచాడు (1:2). ఆ తరువాతనే పదహారు అధ్యాయములలో వారిని సరిదిద్దాడు.

దేవునివారివలె నడుచుట అనగా ఏమిటో లేవీయకాండము 19వ అధ్యాయము చెబుతున్నది. తాను పరిశుద్ధుడు గనుక తన ప్రజలు పరిశుద్ధులై ఉండాలని మొదట్లోనే చెప్పి, దేవుడు వెంటనే ప్రస్తావించినది ఏమిటి? తల్లిదండ్రులు, విశ్రాంతి దినము, విగ్రహములు. ఆపై చేను అంచులను బీదలకు విడిచిపెట్టుట (9, 10), కూలివాని కూలి తెల్లవారే వరకు ఉంచుకొనకపోవుట (13), న్యాయమైన తూనిక రాళ్ళు (36). మా వరంగల్ మిర్చికి, పత్తికి పేరుపడిన మార్కెట్టుగల ఊరు. కాంటా దగ్గర తరుగు అని ఎన్ని కిలోలు తీసివేస్తారో రైతును అడిగితే చెబుతాడు. నగలు పెట్టుకోని క్రైస్తవుడు ఆ కాంటా దగ్గర ఎట్లు నిలుస్తాడు, తన ఇల్లు కట్టిన మేస్త్రీకి ఎన్ని వారములు కూలి బాకీ పెట్టాడు అనునవి లేవీయకాండము ప్రకారము పరిశుద్ధతను గూర్చిన ప్రశ్నలు. 1 థెస్సలొనీకయులకు 4:3-6లో కూడా శరీర విషయములో నిగ్రహము పక్కనే సహోదరుని మోసగించకుండుట చెప్పబడింది. ఈ రెండింటిలో మొదటిదే మన ప్రసంగములలో ఎక్కువగా వినబడుతుంది.

హైదరాబాదు హెబ్రోనులో బక్త్ సింగ్ (1903-2000) జరిపించిన పరిశుద్ధ సమాజ కూటములలో వేలమంది, ఏ కులము నుండి వచ్చినవారయినా, ఒకే వరుసలో నేల మీద కూర్చొని దినముల తరబడి కలిసి భోజనము చేసేవారు. ఆయన బోధలో అందరూ ఏకీభవించకపోవచ్చును. ఆ పంక్తి మాత్రము 'పరిశుద్ధ' అను మాటకు వ్యాఖ్యానమే.

ఇంటిలో ఒక్కరే విశ్వాసి అయితే

చివరగా మా వంటి కాపరులను ఎక్కువగా అడిగే ప్రశ్నను తీసికొందాము. భర్త నమ్మలేదు, భార్య నమ్మింది. ఇంటిలో పండుగలు జరుగుతాయి, వంట ఆమెయే చేయాలి. నేను ఆ ఇంటిలో ఉంటే నా పరిశుద్ధత పోతుందా అని అడుగుతుంది. ఆమెను వేరు గిన్నెలో వండుకొమ్మని చెప్పిన బోధకులు ఉన్నారు. భర్తతో కాపురము చేస్తూ బల్లకు రావద్దన్నవారూ ఉన్నారు. అది హగ్గయి నాటి యాజకుల లెక్క. అపవిత్రత అంటుతుంది, పరిశుద్ధత అంటదు అను లెక్క.

పౌలు 1 కొరింథీ 7:14లో చెప్పినది దీనికి నేరుగా ఎదురు. నమ్మిన భార్యను బట్టి నమ్మని భర్త పరిశుద్ధపరచబడి ఉన్నాడని ఆయన వ్రాశాడు. భర్త వలన భార్య మైలపడిందని చెప్పలేదు. ఆ భర్త రక్షింపబడినాడని దీని అర్థము కాదు. 16వ వచనములో అతని రక్షణ ఇంకా ప్రశ్నగానే ఉన్నది. అర్థమేమనగా, ఆమె ద్వారా దేవుని హస్తము ఆ ఇంటి మీద పడింది, ఆ ఇల్లు దేవుడు తన హక్కును చాటిన చోటు అయింది. పిల్లలు కూడా పరిశుద్ధులే అంటాడు పౌలు. విగ్రహములకు అర్పించినదానిని గూర్చి ఆమె మనస్సాక్షి విషయములు 8, 10 అధ్యాయములలో వేరుగా చర్చింపబడినవి, వాటిని ఇక్కడ కలుపరాదు. బల్ల విషయములో మాత్రము ఆమెను ఆపుటకు ఈ పత్రికలో ఆధారము లేదు.

పౌలు ఈ మాట ఊహించి చెప్పినవాడు కాడు. లుస్త్రలో ఆయనకు దొరికిన తిమోతి తల్లి విశ్వసించిన యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు (అపొ. కా. 16:1). తండ్రి నమ్మినట్లు ఎక్కడా వ్రాయబడలేదు. తల్లి యునీకే, అవ్వ లోయి ఆ ఇంటిలోనే ఉండి ఆ పిల్లవానిని పెంచారు.